నొక్కు బావా

ఫోను చెయ్యగానే నొక్కు బావా, అంతే, అన్నాడు చంటోడు, మా ఆవిడ తమ్ముడు. ఆ ‘అంతే’ దగ్గర నేను ఇరుక్కుపోయాను. అంతేనట. ఈ గది తాళంచెవి నా జేబులోకి వచ్చిన రోజుల్లో వాడింకా నిక్కరుకి గుండీ పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. ఇవాళ నాకు మిగిలిన పని ఒక మీట మీద వేలు ఆనించి కూర్చోవడం, వాడు చెప్పినప్పుడు నొక్కడం, అంతే. ఇవ్వాల్సిన ఆదేశమంతా వాడే టైపు చేసి పెట్టాడు, ఒక్క అక్షరం కూడా నా వాటాకి వదల్లేదు. చివర్న ఆ తెల్లటి గీత వెలుగుతూ ఆరుతూ నా వంకే చూస్తోంది. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు, చల్లగా ఉంది బావా, స్వెట్టరు వేసుకో అన్నాడు. ఈ గది చలి గురించి నాకు చెబుతున్నాడు, ఈ చలిలోనే సగం జుట్టు పోగొట్టుకున్న నాకు. స్వెట్టరు వేసుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

ఇది పిల్లల ఆసుపత్రి. పాత బ్లాకు కింది అంతస్తులో ఈ కంప్యూటర్ల గది ఉంది, రోడ్డుకి అవతల కొత్త బ్లాకులో ఇలాంటిదే ఇంకో గది ఉంది, రెంటినీ కలుపుతూ భూమిలో ఒక కేబులు ఉంది, ఉంది అనకూడదు, పొద్దున్నదాకా ఉండేది. నీటి గొట్టం కోసం తవ్వుతున్నవాళ్ళు దాన్ని పుటుక్కున తెంపేశారు. ఇప్పుడు చంటోడు ఆ గోతి గట్టు మీద, కేబులు అతికే మనిషిని ఊపిరాడనివ్వకుండా నిలబడి ఉంటాడు. అతుకు పడగానే నాకు ఫోను చేస్తాడు, నేను నొక్కుతాను. నొక్కితే మా ఆవిడ పొద్దుట్నుంచీ చేసిన పనంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ సంగతి వాడికి తెలియదు. నాకు తెలుసు. వాడు గుమ్మం దాటిన కాసేపటికే తెలిసింది. ఫోను నా మోచేతి పక్కనే ఉంది, వాడి నంబరు వెతుక్కోనక్కర్లేదు కూడా, పైనే ఉంటుంది. నేను చెయ్యలేదు. ఇంకా చెయ్యలేదు.

మెషీను మెషీను అంటారు గాని నిజానికి మెషీను లేదు. ఒక ఫైలు ఉంది, చాలా పెద్దది, దాన్ని డిస్కు ఇమేజి అంటాం. ఒక కంప్యూటరు కడుపులో ఉండాల్సినవన్నీ అందులో మూటకట్టి ఉంటాయి, ఆ మూట ఎక్కడ విప్పితే అక్కడ కంప్యూటరు లేచి కూర్చుంటుంది. వార్డుల్లో రాసే మందులూ, ల్యాబులో తేలే ఫలితాలూ అన్నీ ఆ లేని మెషీనులోకే పోతాయి. మొదట్లో ఆ మూట నా పెట్టెలో ఉండేది. ఒకే పెట్టె, బీరువా అంత, అదిగో ఆ మూల నల్లగా గచ్చు మీద మచ్చ ఉంది చూడండి, అక్కడ. అది మొరాయిస్తే ఆసుపత్రి మొత్తం మొరాయించేది. అప్పుడు ల్యాబు కూడా ఈ బ్లాకులోనే, పైన, ఇప్పుడది కొత్త బ్లాకుకి మారింది. మా ఆవిడ ఫోను చేసేది, ఏమండీ, మీ పెట్టె మళ్ళీ అలిగింది, అని. ఇక్కడ కూర్చునే సర్దెయ్యొచ్చు దాన్ని. అయినా పైకి పరిగెత్తేవాణ్ణి. తెల్ల కోటులో ఆమె ఎలా ఉంటుందో ఇంటి దగ్గర కనపడదు, ఇంటి దగ్గర కోటు ఉండదు కదా. పైకి వెళ్ళి వాళ్ళ కంప్యూటరు వెనక తీగ ఒకటి ఊరికే కదిపి, నొసలు చిట్లించి, కిందికొచ్చి సర్దేవాణ్ణి. ఆమెకి ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోయిందనుకుంటాను. ఒకసారి, ఆ తీగని వదిలెయ్యండి పాపం, అంది.

ఇప్పుడు ఏది ఆగినా ఫోను చంటోడికే. ఒరేయ్, ఇది చూడు, అంటుంది. ఒరేయ్ అన్న పిలుపులో ఎంత చనువుందో ఏమండీలో అంత లేదు, ఎంత వెతికినా లేదు. నేను ఈ బల్ల దగ్గరే ఉంటాను, వాడి ఫోను ఆ బల్ల మీద మోగుతుంది, తెర మీద ‘అక్క’ అని వెలుగుతుంది. నా ఫోను నోరు మూసుకుని పడి ఉంటుంది. వాడు మాట్లాడుతూ నవ్వుతాడు. అక్కడ ఆమె కూడా నవ్వుతూ ఉండాలి కదా. ఏమిట్రా నవ్వుతున్నారు అని నేను అడగను. అడిగితే చెప్పేస్తాడు, దాచుకునే రకం కాదు. చెప్పాక అందులో నవ్వాల్సింది ఏమీ ఉండదు, అప్పుడు ఇంకా మండుతుంది.

వాడు ఈ ఉద్యోగంలో చేరాక కొత్త పద్ధతి తెచ్చాడు. దాన్ని మొట్టమొదట వివరించింది మా ఆసుపత్రి పెద్ద డాక్టరు పెద్దమేడమ్‌కి కాదు, నాకూ కాదు, వాళ్ళక్కకి, మా ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. రెండు ఖాళీ కంచాలు అటొకటి ఇటొకటి పెట్టాడు. అక్కా, ఇది పాత బ్లాకు, ఇది కొత్త బ్లాకు, ఇమేజిని చిన్న చిన్న ముక్కలు చేస్తాం, ప్రతి ముక్కా ఈ కంచంలోనూ ఉంటుంది, ఆ కంచంలోనూ ఉంటుంది, ఒక కంచం పగిలినా తిండి పోదు. మరి రెండు కంచాలూ రెండు మాటలు చెబితే, అని అడిగింది. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని అడిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా పెట్టె గురించి ఆమె నన్నడిగిన ప్రశ్న ఒక్కటే, అది ఎప్పటికి బాగవుతుంది, అని. వాడికి ఆ ప్రశ్న ఎంత నచ్చిందో, అక్కా నువ్వు మా ఆఫీసుకి వచ్చెయ్యి, అంటూ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి రెంటి మధ్యా పెట్టాడు. ఇది సాక్షి. దీంట్లో తిండి ఉండదు, ఎవరు ఎప్పుడేం రాశారో గుర్తు మాత్రం ఉంటుంది. రెండు కంచాలకీ మధ్య మాట పడిపోతే, గ్లాసు ఎవరి పక్కనుంటే వాళ్ళనే రాయనిస్తాం, రెండోవాళ్ళు చేతులు కట్టుకు కూర్చోవాలి, అదీ రూలు. నాకు దాహం వేసింది. నిజంగానే వేసింది. గ్లాసెత్తి గటగటా తాగేశాను. అయ్యో బావా, సాక్షిని తాగేశావు, అన్నాడు వాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్రపోయే ముందు ఆమె దీపం ఆర్పుతూ మళ్ళీ ఒకసారి నవ్వింది, తనలో తను. నేను నిద్రపోయినట్టు పడుకున్నాను.

ఎప్పుడూ మధ్యలోనే వాడు. పెళ్ళయిన మర్నాడు రైలెక్కాం, మా ఇద్దరి మొదటి ప్రయాణం, అక్కని వదలనని స్టేషనులో దొర్లి దొర్లి ఏడ్చాడు. నాలుగు రోజులు మా దగ్గర ఉంచుకుని పంపిద్దాం లెండి, అంది ఆమె. నాతో అన్న మొదటి పెద్ద వాక్యం అదే. సరే అన్నాను, మరేమనాలి. రాత్రంతా వాడి తల ఆమె ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. ఆమె వాడి జుట్టు సర్దుతూ కిటికీలోంచి చూస్తోంది, నేను వాడి మడమలు పట్టుకుని కూర్చున్నాను, తన్నకుండా. ఎదురు బెంచీ ముసలాయన, బాబు చక్కగా ఉన్నాడు, మీ పోలికే, అన్నాడు నాతో. నాకు ఆ రోజే అర్థం కావలసింది. ఆ మడమలు ఇప్పుడు నా చెప్పుల కన్నా రెండంగుళాలు పెద్దవి, ఆరడుగుల మనిషి, గుమ్మం కింద తల వంచి నడుస్తాడు, ఇంకా చంటోడే. ఆమె వాడి జుట్టు ఇంకా సర్దుతుంది, సర్దాలంటే వాణ్ణి కూర్చోమంటుంది. నా జుట్టు సర్దే అవసరం ఎలాగూ తగ్గిపోయింది.

వాడు చెడ్డవాడైతే ఎంత బాగుండేది. కాస్త పొగరున్నా చాలు, నా వెనక ఒక్క మాట తేలిగ్గా అన్నా చాలు, దాన్ని పట్టుకుని బతికేవాణ్ణి. వాడు నన్ను అడక్కుండా స్క్రూ కూడా తిప్పడు. అందరి ముందూ, మా బావ పెట్టె అన్నాళ్ళు ఒంటి చేత్తో నిలబెట్టాడండీ, నాకైతే చేతనయ్యేది కాదు, అంటాడు. నిజంగానే అంటాడు, అదే బాధ. ఆ మాట అన్నప్పుడల్లా నా పెట్టెని ఇంకోసారి మోసుకెళ్ళి బయట పడేసినట్టుంటుంది.

ప్రారంభం రోజు గుర్తుంది. పెద్దమేడమ్ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. కేబులు పీకి చూపించవయ్యా, ఆగుతుందో లేదో చూద్దాం, అంది. పీకాడు. రూలు తన పని తాను చేసింది. సాక్షి పాత బ్లాకు పక్కనుంది కాబట్టి కొత్త బ్లాకు వైపు చేతులు కట్టుకుంది, అక్కడి తెర మీద ఎర్రగా ఆగిపోయినట్టు కనిపించింది. అదే సరైన పద్ధతి, పెద్దవాళ్ళకి ఆ సంగతి ఏం తెలుస్తుంది, ఎరుపు చూసి మొహాలు మాడ్చుకున్నారు. చంటోడికి చెమటలు పట్టాయి. నా చెవి దగ్గరకొచ్చి, ప్రస్తుతానికి ఆ రూలు తీసేస్తున్నా బావా, వీళ్ళు వెళ్ళాక పెట్టేస్తా, అన్నాడు. తీసేశాడు. మళ్ళీ పీకాడు. ఈసారి రెండు వైపులా ఏదీ ఆగలేదు, చప్పట్లు కొట్టారు. ల్యాబులోంచి మా ఆవిడ చేతులకి తొడుగులతో సహా పరిగెత్తుకొచ్చి, తొడుగు లాగేసి, వాడి బుగ్గ గిల్లింది. ఆ గిల్లుడులో వాడు రూలు సంగతి మరిచిపోయాడు. నేనూ మరిచిపోయాను. నాకు ఆ బుగ్గ ఒక్కటే గుర్తుండిపోయింది.

ఇవాళ వాడు గుమ్మం దాటగానే నేను చేసిన మొదటి పని వాడు టైపు చేసినదాంట్లో తప్పు వెతకడం. తప్పేమీ లేదు, అక్షరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. రెండు కాపీల్లో చివరగా రాసిన కాపీని, అంటే కొత్త తేదీ ఉన్నదాన్ని నిలుపు, రెండోదాన్ని దానితో దిద్దు, అని దాని అర్థం. మామూలుగా అయితే ఆ రెండూ ముక్కా ముక్కా పోల్చుకుని తీరిగ్గా సర్దుకుంటాయి. పెద్దమేడమ్ తొందర పెడుతోంది, అందుకని ఈ అడ్డదారి. పొద్దుట్నుంచీ కొత్త బ్లాకు చేతులు కట్టుకునే ఉంది కదా, ల్యాబువాళ్ళు కాగితాల మీద రాసుకుంటున్నారు కదా, దాని దగ్గరున్నది పాత సరుకే కదా, అని వాడి లెక్క. సరే, తప్పు దొరకలేదని ఉడుక్కుంటూ ఊరికే సెట్టింగులు తెరిచాను. సాక్షి రూలు తీసేసి ఉంది. ప్రారంభం నుంచి ఇవాళ్టిదాకా అలాగే ఉంది. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. కుర్చీలో వెనక్కి వాలాను. కాళ్ళు చాపాను. దొరికావురా చంటీ అన్నాను, పైకే అన్నాను, వినడానికి ఫాన్ల హోరు తప్ప ఎవరున్నారు.

అప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. మధ్యాహ్నం క్యాంటీనులో ఎదురుగా కూర్చుని, సాయంత్రం కాస్త ఆలస్యమవుతుందని చెప్పి, లేస్తూ లేస్తూ అంది ఆమె. కేబులు తెగిందట కదా, అయినా మా మెషీను ఒక్క క్షణం ఆగలేదండీ, పొద్దున్నవన్నీ ఎక్కించేశాను, అంతా మా చంటోడి చలవ. ఆ చివరి ముక్క గొంతులో అడ్డం పడి, ముందు ముక్కలు నేను అప్పుడు పట్టించుకోలేదు. వాణ్ణి ఆమె మెచ్చుకున్న మాటలన్నీ నాకు పొల్లుపోకుండా గుర్తుంటాయి, పుట్టినరోజులు గుర్తుండవు గాని ఇవి ఉంటాయి. మాటని మళ్ళీ మళ్ళీ వింటుంటే అర్థమైంది. కేబులు తెగాక ల్యాబు మెషీను ఆగకుండా నడవడం అంటే, కొత్త బ్లాకులో ఆ మూట ఇంకోసారి విప్పుకుందన్నమాట. ఇక్కడా అదే మెషీను, అక్కడా అదే మెషీను, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. వార్డులు రాసిందంతా ఈ వైపు కాపీలో, ల్యాబు రాసిందంతా ఆ వైపు కాపీలో. ల్యాబులో ఫలితాలు ఎక్కించే పని మధ్యాహ్నానికి అయిపోతుంది. వార్డులు మేం ఆపెయ్యమనే దాకా రాస్తూనే ఉన్నాయి. కొత్త తేదీ ఎవరిది? ఈ వైపుదే. నేను నొక్కితే ఏది చెరిగిపోతుంది? నవ్వొచ్చింది. వాణ్ణి మెచ్చుకున్న మాటే వాడి తప్పుకి రుజువు. ఆ రుజువు లోకంలో ఎవరి దగ్గరా లేదు, అసూయతో దాచుకున్న నా దగ్గర తప్ప.

నొక్కితే చాలు. నేను చేసిందేమీ ఉండదు. వాడు టైపు చేశాడు, వాడు నొక్కమన్నాడు, నేను నొక్కాను. నీకు తెలియదా అని ఎవరైనా అడిగితే, కొత్త పద్ధతి కదండీ, నాకేం తెలుస్తుంది, నేను పాత పెట్టె మనిషిని, అంటాను. ఎవరూ అడగరు కూడా. పెద్దమేడమ్ ఇందాక నాకు ఫోను చేసి అడిగింది ఒక్కటే, మీ బావమరిది ఎక్కడ, ఎంతసేపు పడుతుందన్నాడు, అని. ఎంతసేపు పడుతుందో నన్ను అడగలేదు. గోతి దగ్గరున్నాడు మేడమ్, అన్నాను. మంచి పిల్లాడు, అంది. అవునండీ అన్నాను. ఇన్నేళ్ళలో నన్ను మంచి మనిషి అని ఆమె అన్నట్టు గుర్తులేదు, అని ఉంటే గుర్తుండేది.

సాయంత్రం ఇల్లు ఎలా ఉంటుందో చూస్తున్నాను. ఆమె బ్యాగు గోడకి తగిలిస్తుంది. వాడు తలుపు దగ్గర నిలబడతాడు, లోపలికి రానా వద్దా అని. ఒరేయ్ అనదు. పేరు పెట్టి పిలుస్తుంది, అది వాడికి చాలు. కూర్చోమనదు, జుట్టు సర్దదు. నేను మధ్యలో కల్పించుకుంటాను, పోనీలే, చిన్నవాడు, అంటాను. ఎంత చల్లగా అంటానో, ఎంత పెద్దరికంగా. ఏమండీ, మీ పెట్టె ఉన్నప్పుడు ఇలా ఎప్పుడూ జరగలేదు, అంటుంది ఆమె. జరిగింది, రెండుసార్లు, అయినా అలాగే అంటుంది. ఆ ‘మీ పెట్టె’ అన్న మాట వినిపిస్తోంది. ఆ మాట కోసం నేనేమైనా చేస్తానేమో అనిపిస్తోంది. వేలు చల్లబడిపోయింది, మీట మాత్రం వెచ్చగా ఉంది.

లేదూ, నొక్కకుండా ఇప్పుడే వాడికి ఫోను చేసి చెప్పాననుకుందాం. అప్పుడేమవుతుంది? వాడు పరిగెత్తుకొస్తాడు. ఇద్దరం కూర్చుని ఆ వైపు కాపీని పక్కన పెట్టి, ముక్కలన్నీ వరుసలో అతికించి, అందులోంచి ల్యాబు రాసినవి బయటికి తీస్తాం. సాయంత్రం ఆమె ఏమంటుంది? పాపం చంటోడు, ఎంత హడలిపోయాడో, అంటుంది. వాడికి ఇంకో కప్పు టీ ఇస్తుంది. ఆ టీ నాకు ఇప్పుడే కనిపిస్తోంది, ఆవిరితో సహా. కాపాడినవాడికి ఏమీ లేదు, హడలిపోయినవాడికే అంతా. మరి నేనెందుకు చెయ్యాలి ఫోను?

పిల్లలు. పిల్లల సంగతి ఆలోచించకూడదనే ఇంతసేపూ తెల్ల గీత వంక చూస్తున్నాను. ఆమె పని నేను చాలాసార్లు తలుపు సందులోంచి చూశాను, ఆ తీగ కదిపే రోజుల్లో. అరచేతి వెడల్పు కూడా లేని చేతులు, నరం దొరకదు, తల్లులు మొహం తిప్పేసుకుంటారు. ఆమె తొందరపడదు. వేలి కొసతో తడుముతూ, తడుముతూ, కళ్ళు మూసుకుంటుంది ఒకోసారి. నొప్పి ఉండదమ్మా అని ఎవ్వరికీ చెప్పదు, అబద్ధం చెబితే రెండోసారి నమ్మరు అంటుంది. ఒక్కసారే, అని చెబుతుంది. ఒక్కసారే, మళ్ళీ గుచ్చను. అలా అని నిజంగానే ఒక్కసారితోనే తీస్తుంది. మిగతావాళ్ళు చేతులెత్తేసిన పిల్లల్ని ఆమె దగ్గరికే పంపుతారు. ఆ కాసిని చుక్కలూ పరీక్షకే సరిపోతాయి, మిగలవు. పరీక్ష చేసే యంత్రాలు ఫలితాన్ని మెషీనుకి పంపేసి చేతులు దులుపుకుంటాయి. కాబట్టి నేను నొక్కితే రేపు పొద్దున్న ఆ పిల్లలందర్నీ మళ్ళీ పిలవాలి. వాళ్ళు ఆమెని చూడగానే చెయ్యి వెనక దాచుకుంటారు. ఒక్కసారే అన్నావుగా, అంటారు. మాటలు రానివాళ్ళు అనరు, చూస్తారు.

వాళ్ళు ఆమెని అలా చూడడం, ఆమె వాణ్ణి అలా చూడడం, రెండూ ఒకే మీట కింద ఉన్నాయి. ఒకటి వదిలి రెండోది రాదా అని ఇంతసేపూ బేరమాడుతున్నాను. ఎవరితోనో తెలియదు. రాదు. వాడికి తగలాలంటే ముందు ఆమెకి తగలాలి. అయినా వేలు తియ్యలేదు నేను. తీస్తే ఓడిపోయినట్టు. నొక్కకుండా, తియ్యకుండా, అక్కడే ఆనించి ఉంచితే ఇంకా నా చేతిలో ఏదో ఉన్నట్టుంటుంది. ఈ గదిలో చాలా కాలం తర్వాత నా చేతిలో ఏదో ఉంది.

ఫోను బల్ల మీద గిరగిరా తిరిగింది. ఎడమ చేత్తో ఎత్తాను.

‘బావా, అతుకు పూర్తయింది, ఇప్పుడు తగిలిస్తున్నాడు. చెప్పగానే నొక్కెయ్.’

వాడి వెనక తవ్వే యంత్రం చప్పుడు. ఎవరో ఎవరినో పక్కకి జరగమంటున్నారు.

‘వింటున్నావా?’

‘వింటున్నా.’

‘ఇదిగో, పెట్టేస్తున్నాడు. నొక్కు బావా.’

నొక్కు బావా అన్నాడు ఎంత నమ్మకంగానో, రైల్లో నా ఒళ్ళో కాళ్ళు పెట్టి పడుకున్నంత నమ్మకంగా. నా వేలి కింద మీట కొద్దిగా దిగింది కూడా, సగం దాకా దిగుతుంది, ఆ తర్వాతే పడుతుంది, పాత కీబోర్డు. ఆ సగంలో ఉన్నాను. ఒక్కసారే అంటోంది ఆమె ఎవరితోనో, నాతో కాదు.

‘పెట్టనివ్వకు. కేబులు పట్టుకో, పెట్టనివ్వకు’ అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

‘ఆగండాగండి’ అని అటెవరితోనో అరిచాడు. ‘ఏమైంది బావా?’

‘ప్రారంభం రోజు తీసేసిన రూలు మళ్ళీ పెట్టలేదు నువ్వు. పొద్దుట్నుంచీ రెండు వైపులా నడిచింది. మీ అక్క ఎక్కించినవన్నీ ఆ వైపే ఉన్నాయి, ఇక్కడ లేవు.’

తవ్వే యంత్రం ఆపమని అటు ఎవరికో చెప్పాడు.

‘నొక్కేసి ఉంటే?’ అన్నాడు చిన్న గొంతుతో.

‘పోయేవి.’

‘ఎప్పుడు చూశావు బావా?’

అనుమానం ఏమీ లేదు ఆ ప్రశ్నలో. ఊరికే అడిగాడు, గండం ఎంత దగ్గరగా వచ్చి తప్పిందో తెలుసుకోవాలని అడిగాడు.

‘ఇప్పుడే’ అన్నాను.

‘నా తప్పే’ అన్నాడు వెంటనే. ‘మొత్తం నా తప్పే. ముందు అక్కకి చెబుతా, తర్వాత మేడమ్‌కి చెబుతా. వచ్చేస్తున్నా బావా.’

పెట్టేశాడు. అంత సులువుగా అనేశాడు, నా తప్పే, అని. గంటసేపు నేను పట్టుకుని కూర్చున్న వాడి తప్పుని, తప్పు తనదేనని చెప్పి, నా చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు దాన్ని బయటపెట్టి వాణ్ణి చిన్నబుచ్చే వీలు లేదు, దాచిపెట్టి పెద్దమనిషిని అనిపించుకునే వీలూ లేదు. రెంటికీ అడ్డం వచ్చి, తనే చెప్పేస్తున్నాడు. నాకు మిగిలింది ‘ఇప్పుడే’ అన్న నా మాట ఒక్కటే. వాడు టైపు చేసినదంతా ఒక్కొక్క అక్షరమే చెరిపాను, చివరి నుంచి మొదటికి. తెర ఖాళీ అయింది. వేలు నొప్పి పుట్టింది, అంతసేపు బిగబట్టినట్టు నాకే తెలియలేదు.

ఫోను మళ్ళీ మోగింది. ఆమె. పని వేళల్లో నా ఫోనులో ఆ పేరు వెలిగి ఎంత కాలమైందో.

‘ఏమండీ, చంటోడు చెప్పాడు. గోతి దగ్గర నిలబడి ఏడుస్తున్నాడండీ, అంత మనిషి. వాణ్ణేమీ అనకండి.’

‘అనలేదు.’

‘పొద్దుట్నుంచీ ఏమీ తినలేదట. రాగానే ముందు ఏదైనా తిననివ్వండి, తర్వాతే పని.’

‘సరే.’

‘నా ఫలితాలు?’

‘ఉన్నాయి. ఆ కాపీని కదలకుండా పక్కన పెట్టి, ముక్కలు అతికించి తీస్తాం. రాత్రవుతుంది.’

‘మళ్ళీ గుచ్చక్కర్లేదుగా?’

‘అక్కర్లేదు.’

ఆమె ఊపిరి వదలడం వినిపించింది. వెనకాల ఎవరో పిల్లాడు ఏదో అడుగుతున్నాడు, వస్తున్నా నాన్నా అంది వాడితో, మళ్ళీ నాతో, ‘ఇక్కడ మావాళ్ళు ఇందాకట్నుంచీ ఒకటే గోల, పాత బ్లాకుకెళ్ళి కనుక్కో, పాత బ్లాకుకెళ్ళి కనుక్కో అని. నేనే వెళ్ళలేదు. మా ఆయన అక్కడ కూర్చుని ఉన్నారు, ఆయన కళ్ళు కప్పి ఏదీ పోదు, మీరు పని చూసుకోండి అన్నాను. అన్నట్టు, ఇంతసేపూ ఏం చేస్తున్నారు?’

‘ఊరికే కూర్చున్నా.’

‘మీరు అక్కడ ఊరికే కూర్చున్నా నాకు ధైర్యమే’ అని పెట్టేసింది.

తలుపు అవతల వరండాలో చంటోడి పెద్ద అడుగులు దగ్గరవుతున్నాయి. నేను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కూర్చున్నాను. ఆమె అంత ధీమాగా చెప్పిన ఆ ‘మా ఆయన’ ఎవరో, ఈ గదిలో ఈ కుర్చీలో ఉన్నాడని ఆమె నమ్మిన ఆ మనిషి ఎవరో గాని, చంటోడి మీద కూడా ఎన్నడూ పడనంత అసూయ పడ్డాను వాడి మీద.